కట్టునాచుకి ఏడు ప్రశ్నలు

మార్చి 4. ఊగు: 9 గీతలు.

పొద్దున్నే గుండు కింద కూర్చుని లెక్క చూశాను. సముద్రంలో స్తంభాల మీద నిలిచిన మా ఇల్లు ఎంత ఊగుతోందో చెప్పడానికి దూలం నుంచి దారానికి వేలాడే ఈ ఇనప గుండు మామూలు రోజుల్లో నేలమీది గీతల్లో నాలుగైదు దాటదు. ఇవాళ తొమ్మిది దాటింది. గాలి లేదు, పోటు లేదు. గవరయ్యని పిలిచి మళ్ళీ చూడమన్నాను. ఆయనకీ తొమ్మిదే వచ్చింది.

"ఇరవై అయితే కదా ఇల్లు కాళీ సేయాల. ఇంకా పదకొండుంది. టీ తాగు," అన్నాడు. పెళ్ళయిన ముప్పై ఏళ్ళుగా ఏ కష్టానికైనా మా ఆయన చెప్పే మందు టీయే.

ఈ స్తంభం పుస్తకంలో అంకె రాసి, పక్కన "ఇతర విషయాలు" అన్న చోట ఒక ముక్క రాస్తే చాలు. సభవాళ్ళు చూసేది అంకెనే. కానీ నేను రాయడం మొదలుపెడితే ఆగను. పొద్దున ఇంటి కింద ఆలిచిప్పలు పెంచే తాళ్ళు లాగడం, మధ్యాహ్నం వలలు బాగుచేయడం, వారానికోసారి జెట్టీ గోడకి ఒక వ్యాసం రాసి అతికించడం, ఇదీ నా బతుకు. గోడ కాగితానికి నాలుగువైపులా జానెడు అంచు ఖాళీగా వదులుతాం. చదివినవాళ్ళు పెన్సిలుతో తమ మాట అక్కడే రాస్తారు. మా మంచెపేటలో ఏ వాదమైనా ముందు ఆ అంచుల మీదే జరుగుతుంది.

టీ తాగుతుండగా సభ పెద్ద అసిరినాయుడు బావు మెట్లెక్కి వచ్చాడు. డెబ్బై దాటినా మెట్లు ఒక్క ఊపున ఎక్కుతాడు.

"ఎనభై ఎనిమిదో స్తంభం పగిలింది తల్లీ. నాలుగిళ్ళోళ్ళని బడిలో దించినాం. సగం ఊరు కట్టునాచు, కట్టునాచు అని మల్లీ మొదలెట్టినారు. మూడు సభలు పెడతన్నాం. ఇరవై ఎనిమిదిన ఓట్లు. మొదటి సభలో నీ వ్యాసం సదివీ. మరేటీ అక్కర్లేదు."

కట్టునాచు అంటే సిమెంటు మీద పెరిగి, సున్నం కక్కి, పగుళ్ళు పూడ్చే నాచు. ప్రాణమున్నది. ఎగువమంచె వాళ్ళు ఐదేళ్ళ క్రితం తమ స్తంభాలకి పూయించుకున్నారు. మా ఊరు పన్నెండేళ్ళ క్రితమే వద్దంది. వద్దనిపించింది నా వ్యాసం. దాని పేరు "వెనక్కి పిలవలేనిది". బడిలో పిల్లలు కంఠతా పడతారు. అందులోని ఒక వాక్యం జెట్టీ కమాను మీద చెక్కారు: "సముద్రంలోకి వదిలినదాన్ని ఏ చేతులతో తిరిగి ఎత్తుకుంటాం?"

చదువుతానన్నాను. ఆయన వెళ్ళాక గవరయ్య నా మొహం చూసి నవ్వాడు. సంతోషం దాచుకోవడం నాకు చిన్నప్పటినుంచీ రాదు.

మార్చి 7. ఊగు: 10.

చదివేముందు ఆ స్తంభాన్ని ఒకసారి చూడాలనిపించింది. నీళ్ళు తీసే పాటు సమయంలో గవరయ్య పడవ తీశాడు. ఎనభై ఎనిమిదో స్తంభానికి నీటిమట్టం దగ్గర నిలువుగా చీలిక ఉంది. చెయ్యి పెట్టాను. లోపలి ఊచ టీలో ముంచిన బిస్కెట్టులా వేళ్ళ మధ్య రాలింది.

"ఇది ఇనుమేనా?" అన్నాను.

"ఇనుమే. ఉప్పు తినీసింది."

నా వ్యాసంలో ఒక మాట ఉంది: "మన స్తంభాలు మన మనవళ్ళ కాలం దాకా నిలుస్తాయి." ఆ మాట ఎవరిని అడిగి రాశానో గుర్తు తెచ్చుకోవాలని దారి పొడుగునా ప్రయత్నించాను. ఎవరినీ అడగలేదు. వాక్యం బాగా కుదిరిందని రాశాను.

మార్చి 9. ఊగు: 10.

చిప్పలు అమ్మడానికి ఎగువమంచె వెళ్ళాను. ఇన్నాళ్ళూ అక్కడి స్తంభాల వైపు కావాలనే చూసేదాన్ని కాదు. ఇవాళ పడవ ఆపి చూశాను. బూడిదా పచ్చా కలిసిన రంగు, ఎక్కడా పగులు లేదు. అరచేత్తో రాస్తే గేదె వీపులా గరుగ్గా, చల్లగా ఉంది. ఒక్క చిప్ప కూడా పట్టి లేదు.

నా దగ్గర చిప్పలు కొనే ఆమెని అడిగాను.

"దాని మీద సిప్పలు పట్టవమ్మా. పక్కన తాళ్ళకీ పట్టవు. అందుకే కదా నీ దగ్గిర కొంటన్నాం," అంది. తూకం వేస్తూ మళ్ళీ తనే అంది: "సిప్పలు పట్టవు గానీ ఇల్లు పట్టుకుంటాది. మొన్న గాలివానకి మా గుండు నాలుగు గీతలు దాటనేదు."

ఇంటికొచ్చి గవరయ్యకి చెప్పాను. మా ఇంటి కింద ముప్పై ఆరు తాళ్ళున్నాయి. అవి మా అమ్మ వేసిన తాళ్ళు.

మార్చి 12. ఊగు: 12.

మొదటి సభ. బడి హాలు నిండి మెట్ల మీద కూడా కూర్చున్నారు. అసిరినాయుడు బావు నా చేతికి పాఠ్యపుస్తకం ఇచ్చాడు. మొదటి పేరా చదివాను. గొంతు బాగానే పలికింది. రెండో పేరా దగ్గర ఆగాను.

"ఇక్కడినుంచి నాను సదవలేను. ఇందులో కొన్ని మాటలు ఇప్పుడు నాకే నమ్మకం నేదు," అన్నాను.

వెనక బెంచీలోంచి ఒకావిడ రెండో పేరా అందుకుంది. ఆవిడతో పక్కావిడ కలిసింది. నాలుగో వాక్యానికి హాలంతా కలిసింది. నేను నోరు తెరుచుకుని నిలబడ్డాను. నా వ్యాసాన్ని చివరి చుక్క దాకా నాకు అప్పజెప్పి, చప్పట్లు కొట్టారు.

అసిరినాయుడు బావు మెల్లిగా నా దగ్గరికి వచ్చి, "వొంట్లో బాగులేదేటి తల్లీ?" అన్నాడు. నిజంగా బెంగపడ్డాడు. మంచినీళ్ళు తెప్పించాడు.

దారిలో గవరయ్య ఆపుకోలేక నవ్వాడు. కాసేపటికి నేనూ నవ్వాను. ఇంత బాగా గుర్తు పెట్టుకున్నారే అని లోపల ఒక మూల గర్వంగా కూడా ఉంది. అబద్ధం ఎందుకు రాయాలి?

మార్చి 15. ఊగు: 13.

మొన్న గోడకి కొత్త వ్యాసం అతికించాను. స్తంభంలో చెయ్యి పెట్టిన సంగతి, ఎగువమంచెలో చూసిన సంగతి, నా తాళ్ళు పోతాయన్న సంగతి, ఏదీ దాచకుండా రాసి, "నా మనసు మారింది" అని పేరు పెట్టాను.

ఇవాళ వెళ్ళి చూస్తే నాలుగు అంచులూ నిండిపోయాయి. అన్నీ నా పాత వ్యాసంలోని వాక్యాలే. ఒకరు మాత్రం సొంతంగా రాశారు: "ఇది మన చంద్రాయమ్మ రాసింది కాదు. మన చంద్రాయమ్మ అయితే ఇలా రాయదు."

పక్కనే ఇంకో కాగితం ఉంది. పెద్ద తరగతులకి చెప్పే నూకరత్నం టీచరు రాసిన జవాబు. ముప్పై ఏళ్ళ పిల్ల. నా పాత వ్యాసం చదివి, దానివల్లే రాయాలన్న కోరిక పుట్టిందని ఒకప్పుడు నాతో చెప్పింది. "చంద్రాయమ్మగారు పన్నెండేళ్ళ క్రితం ఆలోచించి రాశారు. ఇవాళ భయపడి రాశారు. ఆలోచించిన మనిషి మాటని భయపడిన మనిషి కొట్టేస్తానంటే ఒప్పుకుందామా?" అని మొదలుపెట్టింది. చివరిదాకా ఒక్క మాట వృథా పోలేదు. నా వ్యాసం కంటే బాగుంది. అసూయతో రెండుసార్లు చదివాను.

ఆమెకి తెలియనిదల్లా ఒక్కటే. పాత వ్యాసం నేను ఒక్క సాయంత్రంలో, ఒళ్ళు మండి రాశాను. ఊరిని ఒక్క మాటైనా అడగకుండా నాచు తొట్టెలు జెట్టీకి వచ్చేశాయని కోపం. కొత్తదే ఆలోచించి రాసింది.

"నీతో నువ్వే దెబ్బలాడతన్నావు. ఊరోళ్ళు పాత సంద్రాయమ్మ వైపున్నారు," అన్నాడు గవరయ్య, చేప తోముతూ.

"నువ్వెవరి వైపు?"

"నాను పులుసు వైపు."

మార్చి 17. ఊగు: 14.

నాకు ధైర్యం చాలక ఇన్ని రోజులూ వాయిదా వేసిన పని ఇవాళ చేశాను. పైడిరాజు దగ్గరికి వెళ్ళాను.

పన్నెండేళ్ళ క్రితం ఆ తొట్టెలు తెచ్చింది అతనే. మా వీధిలో పుట్టి, పైచదువులు చదివి, స్తంభాలని కాపాడతానని వచ్చాడు. నా వ్యాసం తరవాత సభ తిరగబడింది. తొట్టెలు వెనక్కి వెళ్ళిపోయాయి. అతను ఊరు వదల్లేదు. ఉప్పునీళ్ళని మంచినీళ్ళు చేసే యంత్రం చూసుకుంటూ ఉండిపోయాడు. ఇన్నేళ్ళూ మేం మాట్లాడుకున్నది నీటి గురించే.

"రా అప్పా. పైపు లీకైందేటి?" అన్నాడు. మా వైపు అప్పంటే అక్క.

"కాదు. నాను తప్పు రాసినాను పైడిరాజూ. నీ పని ఆపీసినాను. అది సెప్దారనే వొచ్చినాను."

అతను చేతులు తుడుచుకుని నా వైపు తిరిగాడు.

"తప్పు రాసినావని ఎవులు సెప్పినారు నీకు?"

లోపలికి వెళ్ళి ఒక మడతల కాగితం తెచ్చి బల్లమీద పరిచాడు. పన్నెండేళ్ళనాటి గోడ కాగితం. నా చేతిరాత. వ్యాసం కింద ఏడు ప్రశ్నలు వేసి ఉన్నాయి. వాటిని నేనే మర్చిపోయాను. ఈ నాచు ఏం తింటుంది? ఎప్పుడు పెరగడం ఆపుతుంది? చంపాలంటే ఎలా చంపుతాం? పీతపిల్లలూ చేపపిల్లలూ ఏమవుతాయి? తాగే నీళ్ళలోకి వస్తుందా? ఆలిచిప్పలు ఏమవుతాయి? తయారుచేసేవాళ్ళు రేపు రావడం మానేస్తే మన ఊళ్ళో దీని సంగతి ఎవరికి తెలుసు?

"మూడేళ్ళు నీ మీద కోపంతోనే ఉన్నాను," అన్నాడు. "నీ మాట అబద్దమని నిరూపించాలని తొట్టెలో పెట్టి పెంచినాను. రెండు, నాలుగు ప్రశ్నల దగ్గిర పట్టుకుంది. పెరుగుతానే ఉంది, ఆగనేదు. తొట్టెలో పీతపిల్ల ఒక్కటి మిగల్నేదు. అప్పుడు గాని మనం ఏసుంటే, ఈ పక్క సముద్రం కాళీ అయిపోయుండేది."

నేను కుర్చీలో కూర్చున్నాను.

"మరి ఎగువమంచెది?"

"అది వేరే నాచు. ఈ కాయితం పట్టుకుని ఆలతో ఒక్కో ప్రశ్న మీద నెలల తరబడి పని సేసినాం. ఇప్పటిది పూతలో కలిపిన మందు ఉంటేనే బతుకుద్ది. పూత నేని సోట పది రోజులకి సచ్చిపోద్ది. ఐదింటికి జవాబు మంచిదే వొచ్చింది. ఆరోదానికి వొచ్చింది గానీ నీకు నచ్చదు. ఏడోదానికి రానేదు."

నేను తప్పు చేశానన్న బరువు మోసుకుని వచ్చాను. అతను దాన్ని నా చేతుల్లోంచి తీసుకోనేలేదు.

లేచి వస్తుంటే అతనే అన్నాడు: "ఒక్కటి మాత్రం అడగాలనుంది అప్పా. రెండో పేరాలో నన్ను 'అద్దె తెలివి' అని రాసినావు. నాను అద్దెకి రానేదు. మా అమ్మ ఇల్లు మునగకూడదని వొచ్చినాను."

ఆ మాట ఎప్పుడో గోడ మీంచి పాఠ్యపుస్తకంలోకి ఎక్కింది. ఊళ్ళో పిల్లలందరి నోటా ఉంది. నేను మాత్రం ఇవాళే మొదటిసారి విన్నట్టు విన్నాను.

"అది తప్పే. అది మాత్రం తప్పే రాసినాను," అన్నాను. పైడిరాజు తల ఊపి, నాకు నీళ్ళు ఇచ్చాడు.

మార్చి 18. ఊగు: 14.

ఆ కాగితం పట్టుకుని బడికి వెళ్ళాను. నూకరత్నం పాఠం అయ్యేదాకా వరండాలో ఆగి, ఆమె ముందు పెట్టి, పైడిరాజు ఇచ్చిన జవాబులు చెప్పాను. చదివింది. పాఠ్యపుస్తకం తీసి పక్కన పెట్టి పోల్చింది. పుస్తకంలో ప్రశ్నలు లేవు. పేజీ చాలక అచ్చువేసినవాళ్ళు తీసేసి ఉంటారు.

"మీరు చూసుకోలేదా చిన్నమ్మా? అచ్చయ్యాక?"

"సూసినాను. నా పేరు సరిగ్గా పడిందా నేదా అని సూసినాను."

ఆమెకి కోపం వచ్చింది. దాచుకోలేదు. "ఆరేళ్ళుగా ఈ పాఠం చెప్తున్నాను నేను. పిల్లలు అడిగినప్పుడల్లా 'వద్దు' అన్న మాటే చెప్పాను. అడగాల్సినవి ఏడున్నాయని నాకే తెలీదు."

"ఇప్పుడు తెలిసింది కదా. మరి మనసు మార్చుకుంటావా?"

"ఎందుకు మార్చుకుంటాను? ఏడోదానికి జవాబు లేదని మీరే అంటన్నారు," అంది. తొందరగా మాట్లాడితే ఆమెకీ ఊరి యాస వచ్చేస్తుంది. కాగితం తన దగ్గర ఉంచుకోవచ్చా అని అడిగింది. పైడిరాజుది, రేపు తిరిగి ఇచ్చెయ్యమన్నాను. వెనక్కి వస్తుంటే ఆమె నల్లబల్ల మీద ప్రశ్నలు ఎక్కిస్తున్న చప్పుడు వినపడింది.

మార్చి 20. ఊగు: 16.

రెండో సభ. అసిరినాయుడు బావు మొదట్లోనే చెప్పాడు: "ఇవాళ కంఠస్తం పాఠాలు వొద్దు. ఎవులి మాట ఆలే సెప్పాల."

పైడిరాజు పన్నెండేళ్ళ తరవాత సభలో నిలబడ్డాడు. బాగా మాట్లాడలేడు. కాగితం చూసి, ఒక ప్రశ్న చదివి, జవాబు చదివి, చెమట తుడుచుకుని, ఇంకోటి చదివాడు. కానీ ఎవరూ లేచి వెళ్ళలేదు. ఆరో ప్రశ్నకి "సిప్పలు పట్టవు" అని రెండు మాటల్లో చెప్పేశాడు. హాలంతా నా వైపు చూసింది. లేచి నిలబడి, "అది నిజం. కళ్ళారా సూసినాను. నా తాళ్ళు పోతాయి. అయినా నాను కావాలనే అంటన్నాను," అన్నాను.

అప్పుడు నూకరత్నం లేచింది. "ఎగువమంచెతో రేపు మనకి మాట తేడా వస్తే? పూత మందు ఇవ్వము పొమ్మంటే? మన స్తంభాలు వాళ్ళ గుప్పిట్లోకి వెళ్తాయి. లేదూ, ఈ నాచే ఒకరోజు మొండికేస్తే దాన్ని చంపడం మనలో ఎవరికి వచ్చు?"

పైడిరాజు కాగితం తిప్పి చూశాడు. అక్కడ ఏమీ లేదని నాకు తెలుసు.

"మందు ఆపీసినారంటే ఏటి సేయాలో తెల్దు," అన్నాడు. "సంపడం నాకొక్కడికే వొచ్చు. నాను ఒక్కడినే."

సభ వాయిదా పడింది. బయటికి వస్తూ ఎవరో అన్నారు: "తెల్దని సెప్పినాడు సూడు. ఆ మాట మీద నాకు కుసింత నమ్మకం కుదిరింది." మనిషి ఎవరో చూసే లోపల మెట్లు దిగిపోయాడు.

మార్చి 25. ఊగు: 20.

ఇరవై. గవరయ్య టీ పెట్టలేదు. లేచి మంచాలు విప్పడం మొదలుపెట్టాడు.

పదకొండింటికల్లా సగం సామాను పడవల్లోకి చేరింది. నూకరత్నం పిలవకుండానే వచ్చింది. వంటగదిలో గ్లాసులు సర్దుతుంటే, బల్లమీద ఒక గ్లాసు తనంతట తనే జరిగి అంచు దాకా వచ్చింది. ఆమె చటుక్కున పట్టుకుంది.

"రోజూ ఇలాగేనా చిన్నమ్మా?"

"ఇవాళే మొదలు."

కాసేపయ్యాక నేల మీద కూర్చుని తన జేబులోంచి కాగితం తీసింది. ఏడో ప్రశ్నని అందులో ఎక్కించుకుని, దాని కింద తనకి తోచినవి రాసుకుంటూ వచ్చింది. "ఆ రోజు ఆయన ఒక్కడినే అన్నాడు కదా. ఒక్కడు పదిమంది అయితే? బడిలో నేర్పిస్తే? పెంచడమూ, పూయడమూ, చంపడమూ. మన ఊరివాళ్ళు పదిమంది సొంత చేత్తో చేసి చూపించేదాకా ఒక్క స్తంభానికీ పూత పడకూడదు. ఈ షరతు పెడితే?"

"పైడిరాజుని అడిగినావా?"

"అడిగాను. ఆరు వారాలు పడుతుంది అన్నాడు."

"ఆరు వారాలు స్తంభాలు ఆగాలి కదా అమ్మా."

"ఇనప తాళ్ళతో కట్టి ఆపుదాం. ఆగకపోతే..." అని కాగితం మడిచి, అంది: "అయినా షరతు ఉండాల్సిందే."

నేను ఒప్పుకోలేదు. సామాను మోస్తూ గంటసేపు వాదించుకున్నాం. చివరికి నేను ఓడిపోయాను. గవరయ్య అది చూసి తెగ సంబరపడ్డాడు.

మార్చి 28. బడిలో ఉన్నాం. ఊగు చూడలేదు.

మూడో సభ. నూకరత్నం షరతు చదివింది. "షరతుతో కూడా నేను వద్దనే ఓటు వేస్తాను. కానీ కావాలనేవాళ్ళు గెలిస్తే, ఈ షరతు లేకుండా గెలవకూడదు," అంది. అంత నిక్కచ్చిగా మాట్లాడటం మా ఊళ్ళో కొత్త.

షరతుతో కావాలని 611. వద్దని 580.

అసిరినాయుడు బావు వద్దని వేశాడు. ఆ సంగతి అందరికీ తెలుసు. లెక్క రెండుసార్లు తనే చూసి, "ఊరు కావాలంది," అని పెద్దగా చదివాడు. పదిమంది పేర్లు ఇవ్వమన్నాడు. మొదట చెయ్యెత్తింది నూకరత్నం. తొమ్మిదో పేరు నాది. పదో పేరు అడిగితే చాలా చేతులు లేచాయి.

ఏప్రిల్ 19. బడిలో.

మధ్యాహ్నం గాలి లేచింది. మూడింటికి ఎనభై ఎనిమిదో స్తంభం తాళ్ళు తెంపుకుని కూలిపోయింది. దాని మీది నాలుగిళ్ళూ నీళ్ళలో పడ్డాయి. మనుషులెవరూ లేరు, నెలన్నర క్రితమే ఖాళీ అయ్యాయి. ఒక ఇంట్లో కుట్టుమిషను ఉండిపోయింది. ఆ ఇంటావిడ గట్టున నిలబడి ఏడ్చింది.

సాయంత్రానికి గోడ నిండా నూకరత్నం మీదే. షరతు లేకపోతే ఈపాటికి పూత పడి నిలబడేదని. పైడిరాజు మా పదిమందికి నాచు పని నేర్పే తరగతికి ఆమె రాలేదు. వెతికితే తన గదిలో తలుపు వేసుకుని ఉంది. తట్టాను.

"నేను రాసిన ఒక్క పేరాకి నాలుగిళ్ళు పోయాయి," అంది.

ఓదార్చాలని అబద్ధం చెప్పలేదు. "పోయినాయి. నా వ్యాసానికి పైడిరాజు బతుకు పోయింది. అదే వ్యాసానికి పీతలు మిగిలినాయి. ఏది ఎందుకైందో ఆ రోజు మనకి తెల్దు. లే. మిషను నీళ్ళలో ఉంది. తీయాల."

నలుగురం కలిసి దిగి తాళ్ళు వేసి లాగాం. ఉప్పునీళ్ళు కారుతున్న మిషను ఆవిడ ముందు పెట్టాం. ఆవిడ నూకరత్నాన్ని ఏమీ అనలేదు. మిషను చక్రం తిప్పి చూసుకుంది. తిరిగింది.

మే 3. బడిలో.

పెంచడం అందరికీ వచ్చేసింది. చంపడమే కష్టంగా ఉంది. ప్రతివాళ్ళూ ఒక తొట్టె నాచు పెంచి, దాన్ని విరుగుడు మందుతో చంపి, ఫలితం రాయాలి. తరగతిలో అందరికంటే వెనకబడింది నేనే. యాభై ఎనిమిదేళ్ళకి మందు కొలిచే కొలగాజు పట్టుకోవడం మొదలుపెడితే అంతే.

ఇవాళ తొట్టెలో మందు పోశాను. పచ్చది గోధుమ రంగుకి తిరిగింది. పుస్తకంలో "చచ్చింది" అని రాశాను.

పైడిరాజు వచ్చి చదివి, ఎర్ర పెన్సిలుతో కొట్టేశాడు.

"నువ్వు సూసిందేటి అప్పా?"

"సచ్చింది."

"సావు సూసినావా, రంగు సూసినావా?"

"రంగు."

"అయితే రంగే రాయి."

జీవితంలో నా వాక్యం ఎవరూ కొట్టేయలేదు. చెవులు వేడెక్కాయి. కానీ రాశాను: "రంగు మారింది. ఘాటు వాసన. మిగతాది రేపు."

మే 4. బడిలో.

పొద్దున తొట్టె మూలలో గోరంత పచ్చ. బతికే ఉంది. నూకరత్నం తొట్టె కూడా అంతే. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకుని నవ్వుకున్నాం. పైడిరాజు మాత్రం నవ్వకుండా, ఉత్సాహంగా కొత్త తొట్టె ముందుకి జరిపాడు. "మల్లీ మొదలెట్టండి," అన్నాడు. అతను ఇంత కులాసాగా ఉండటం చూసి పన్నెండేళ్ళయింది.

మే 6. బడిలో.

పొరపాటు తెలిసింది. నేను మందు చల్లటి నీళ్ళలో కలిపాను. ఎండకి పెట్టిన నీళ్ళలో కలపాలి. ఇది పాఠం కాగితంలో లేదు, పైడిరాజు చేతులకి మాత్రమే తెలుసు. నూకరత్నం వెంటనే రాసుకుంది. "ఇంకా ఇలాంటివి ఎన్నున్నాయి సార్ మీ చేతుల్లో?" అని నిలదీసింది. సాయంత్రం దాకా అతన్ని కూర్చోబెట్టి, అడిగి అడిగి, పదహారు రాయించింది.

మే 17. బడిలో.

మూడో తొట్టె. పదకొండు రోజులైంది.

నియమం ప్రకారం పది రోజులు రోజూ చూసి, ముగ్గురు సంతకం పెడితేనే "చచ్చింది" అన్న మాట పుస్తకంలోకి ఎక్కుతుంది. మూడో మనిషి తరగతిలో లేనివాళ్ళు అయివుండాలి. అసిరినాయుడు బావు తనే వస్తానన్నాడు. పదిరోజులూ పొద్దున్నే మెట్లెక్కి వచ్చి, భూతద్దం కన్నుకి ఆనించి, తొట్టె నాలుగు మూలలూ వెతికాడు. ఎక్కడైనా ఒక్క పచ్చచుక్క దొరికితే బాగుణ్ణని ఆయన కళ్ళలో తెలుస్తూనే ఉంది. నాకు ఆ పట్టుదల నచ్చింది. మాలో ఎవరూ అంత శ్రద్ధగా వెతకలేదు.

నిన్నటికి పదిరోజులూ అయిపోయాయి. అయినా, ఇంకొక్క రోజు చూస్తానన్నాడు. చూడనిచ్చాం. ఇవాళ అరగంట చూశాడు. నీళ్ళు కదిపి చూశాడు. తొట్టె వెనక్కి తిప్పించి చూశాడు. తరవాత భూతద్దం జేబులో పెట్టుకుని, నేనూ పైడిరాజూ సంతకం పెట్టిన పేజీ ముందుకి లాక్కున్నాడు.

"నాకు నమ్మకం నేదు," అన్నాడు. "పచ్చా నేదు. ఎక్కడ పెట్టాల సంతకం?"

చూపించాను. పెద్ద అక్షరాలతో, ఒత్తి పెట్టాడు. కలం నా చేతికిచ్చి, "ఇప్పుడు రాసుకో తల్లీ నీ మాట," అన్నాడు.

చచ్చింది.